కొండల్లో వసంతకాలపు టర్కీ వేటకు గైడుతో వెళ్లాలంటే

ఏప్రిల్ రెండోవారం దాటాక, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రపు పడమటి కొండల్లో ఇంకా తెల్లవారకముందే చెట్టుమీద నుంచి అడవి టర్కీ (సీమకోడి) పుంజు కూత వినిపిస్తుంది. మన ఊరి కోడిపుంజు కూతలా తీరుగా సాగదు. గొంతులో గులకరాళ్లు పోసుకుని కుదిపినట్టు ఒక్క ఉదుటున వచ్చి, కోనంతా పాకి, టక్కున ఆగిపోతుంది. మొదటిసారి విన్న రోజు నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఉత్తర వర్జీనియాలోని ఆష్‌బర్న్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు కొందరు నన్ను చూసి తామూ వెళ్లాలనుకుంటున్నారు. వాళ్లకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి, అడవిపక్షిని చట్టబద్ధంగా వేటాడటం అనగానే మనసు కొంచెం వెనకాడుతుంది. నాకూ అలాగే అనిపించింది. అడవులు నరకడం వల్ల, అదుపులేని వేట వల్ల 20వ శతాబ్దం మొదటికల్లా అమెరికాలో అడవి టర్కీ చాలా చోట్ల కనిపించకుండా పోయింది. తర్వాత వన్యప్రాణి శాఖలవాళ్లు మిగిలిన పక్షులను వలలు వేసి బతికుండగానే పట్టి, ఖాళీ అయిన అడవుల్లో వదిలారు. ఈ పనులకు డబ్బు చాలావరకు వేటగాళ్ల నుంచే వచ్చింది: 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద వేట తుపాకుల మీద, తూటాల మీద వేసే 11 శాతం పన్ను వన్యప్రాణుల పనులకే వెళ్తుంది. టర్కీ కోసం పనిచేసే నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ 1973లో పుట్టింది కూడా వర్జీనియాలోనే, ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో. ఇది తెలిశాక లైసెన్స్‌కు డబ్బు కట్టేటప్పుడు నా చేయి వెనకాడలేదు.

కాగితాల పని

వేటకు రెండు నెలల ముందే మొదలుపెట్టండి. ఇంతకుముందు ఎప్పుడూ వేట లైసెన్స్ లేనివాళ్లు వర్జీనియాలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. లేదా అప్రెంటిస్ లైసెన్స్ తీసుకుని, లైసెన్స్ ఉన్న పెద్దవాళ్ల వెంట వెళ్లాలి. నా మాట వింటే కోర్సే చేయండి. తుపాకీని ఎటు తిప్పి పట్టుకోవాలి, కంచె దాటేటప్పుడు ఏం చేయాలి లాంటివి అక్కడ నేర్పుతారు. సొంతంగా తుపాకీ పట్టని మనలాంటివాళ్లకు ఆ పాఠాలు తప్పనిసరి. మామూలు వేట లైసెన్స్ ఒక్కటే చాలదు, దాంతోపాటు జింక-టర్కీ లైసెన్స్ విడిగా కొనాలి. వేటాడేది నేషనల్ ఫారెస్ట్‌లో అయితే దానికి ఇంకో చిన్న పర్మిట్ ఉంటుంది. షెనండోవా నేషనల్ పార్కులో మాత్రం వేట నిషేధం. జార్జ్ వాషింగ్టన్ నేషనల్ ఫారెస్ట్‌లో చేయొచ్చు. ఈ రెండూ ఒకటే అనుకుని పొరపడేవాళ్లున్నారు, జాగ్రత్త.

వీసా సంగతి చాలామంది అడగరు, గైడ్లకు కూడా తెలియకపోవచ్చు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. గైడు తన తుపాకీని కాసేపు చేతికిచ్చినా ఆ లెక్కలోకే వస్తుంది. చట్టంలో ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ మీ పేరు మీద ఉండటం. కాబట్టి చేతిలో లైసెన్స్ లేకుండా షూటింగ్ రేంజ్‌కు కూడా వెళ్లకండి. మీ పరిస్థితికి ఈ మినహాయింపు సరిపోతుందో లేదో ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక్కసారి అడిగి తెలుసుకోండి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం వర్తించదు.

సీజన్ తేదీలు, వేట వేళలు ఏటా రాష్ట్ర వన్యప్రాణి శాఖ ప్రకటిస్తుంది. వర్జీనియాలో సీజన్ మొదటి వారాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి మధ్యాహ్నం 12 దాకానే వేట. చివరి వారాల్లో సాయంత్రం దాకా పొడిగిస్తారు. వసంతకాలంలో కొట్టదగ్గది రొమ్ము మీద వెంట్రుకల కుచ్చు వేలాడే పక్షి మాత్రమే. ఆ కుచ్చును ఇక్కడివాళ్లు 'బియర్డ్' అంటారు. అది దాదాపు ఎప్పుడూ పుంజుకే ఉంటుంది. పెట్టలు ఆ రోజుల్లో గుడ్ల మీద ఉంటాయి. 10, 12 గుడ్లు పెట్టి సుమారు 28 రోజులు పొదుగుతాయి. వాటి జోలికి పోకూడదు.

గైడును వెతుక్కోవడం

ఆష్‌బర్న్ నుంచి మూడు గంటలు నడిపితే హైలాండ్ కౌంటీ వస్తుంది. స్టాంటన్ దాటి 250 నంబరు రోడ్డు ఎక్కితే షెనండోవా పర్వతం మీదుగా మాంటెరీ ఊరికి చేరుస్తుంది. జనం చాలా తక్కువ ఉన్న కౌంటీ. కొండలు నాలుగు వేల అడుగులు దాటతాయి. దాని దక్షిణాన బాత్ కౌంటీ. ఈ రెండు చోట్లా టర్కీలు బాగా ఉన్నాయి, వాటి నడతను చిన్నప్పటి నుంచి చూసిన గైడ్లూ ఉన్నారు.

గైడుతో మాట్లాడేటప్పుడు ధర చివర్లో అడగండి. ముందు తెలుసుకోవాల్సింది, మిమ్మల్ని తీసుకెళ్లే నేల ఎవరిది అని. సొంత పొలమా, కౌలుకు తీసుకున్నదా, ప్రభుత్వ అడవా? నేషనల్ ఫారెస్ట్‌లో డబ్బు తీసుకుని గైడు పని చేయాలంటే ఫారెస్ట్ సర్వీస్ ఇచ్చే ప్రత్యేక అనుమతి ఉండాలి. అది ఉందా అని మొహమాటపడకుండా అడగండి. ఆ వారంలో అదే నేల మీదికి ఇంకెంతమంది వస్తున్నారో అడగండి. రోజూ మనుషులు తిరిగిన కొండ మీద పుంజులు నోరు మెదపవు. తర్వాత మీ మోకాళ్ల గురించి నిజం చెప్పండి. చీకట్లో, తడి ఆకుల మీద, గంటసేపు నిటారు వాలు ఎక్కగలరా లేదా? ఆ మాట దాస్తే నష్టపోయేది మీరే. గైడు మీ కాళ్లను బట్టే కొండను ఎంచుకుంటాడు.

ఒకసారి ఒక గైడు ఫోన్లోనే 'గ్యారంటీగా కొట్టిస్తా' అన్నాడు. వెళ్లి చూస్తే, చెట్ల మధ్య నేల మీద మొక్కజొన్న గింజలు చల్లి ఉన్నాయి. గింజలు చల్లి టర్కీని రప్పించి కొట్టడం ఇక్కడ నేరం. చల్లింది గైడే అయినా, అక్కడ కూర్చున్నందుకు కేసు మీ మీద కూడా పడొచ్చు. నేను అడ్వాన్సు వదులుకుని వెనక్కి వచ్చేశాను. గ్యారంటీ అన్న మాట వినగానే మీరూ ఫోన్ పెట్టేయండి. మంచి గైడు ఇవ్వగలిగింది ఒక్కటే: పుంజు కూత మీ చెవిన పడేలా చేయడం. వచ్చేదీ రానిదీ పుంజు ఇష్టం.

తుపాకీ, బట్టలు

12 గేజ్ లేదా 20 గేజ్ షాట్‌గన్ (ఒక్క దెబ్బకు చాలా చిన్న గుళ్లు చిమ్మే తుపాకీ, గేజ్ అంటే దాని గొట్టం కొలత), ఫుల్ చోక్ (గుళ్లు చెదరకుండా గొట్టం మూతిని ఇరుకు చేసే అమరిక), నాలుగు నుంచి ఆరు నంబరు గుళ్లు చాలు. గైడు తుపాకీ వాడేటట్టయితే ముందురోజే దాంతో కాగితం మీద కాల్చి చూడండి. 40 గజాల దూరంలో కాగితం పెట్టి, 10 అంగుళాల వృత్తంలో సుమారు వంద గుళ్లు పడుతున్నాయో లేదో లెక్కపెట్టండి. పడకపోతే మీ హద్దు 40 గజాలు కాదు, 30. ఇది లెక్కపెట్టకుండా అడవిలోకి వెళ్లడం పక్షికి అన్యాయం. గుళ్లు అటూ ఇటూ తగిలి గాయంతో పారిపోయిన పుంజు ఎక్కడో పొదల్లో బాధపడి చస్తుంది.

ఒంటి మీద ఎరుపు, తెలుపు, నీలం కనిపించకూడదు. సాక్సు, లోపలి బనియను, జేబులో కర్చీఫు కూడా చూసుకోండి. పుంజు తల రంగులు సరిగ్గా ఆ మూడే. చెట్ల వెనక ఆ రంగు కదిలితే ఇంకో వేటగాడు పొరపడతాడు. టర్కీ కళ్లు చాలా చురుకు, రంగులు చూస్తుంది, తల కొంచెం తిప్పితే చాలు చుట్టూ అంతా కనిపిస్తుంది. అందుకే చేతికి తొడుగులు, ముఖానికి ముసుగు తప్పవు. వాసన పసిగట్టే శక్తి దానికి తక్కువ. మన వంట వాసన బట్టలకు పట్టిందని దిగులు అక్కర్లేదు.

పిడుదుల గురించి మాత్రం నిర్లక్ష్యం వద్దు. బట్టలకు, బూట్లకు ఒకరోజు ముందే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టండి. లోన్ స్టార్ టిక్ అనే పిడుదు కుడితే కొందరికి ఆల్ఫా-గాల్ అనే అలర్జీ వస్తుంది. మటన్ తిన్న మూడు నాలుగు గంటలకు ఒళ్లంతా దద్దుర్లు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. దీన్ని మొదట గుర్తించినవాళ్లలో యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా డాక్టర్ థామస్ ప్లాట్స్-మిల్స్ ముఖ్యుడు. ఆదివారం మాంసం కూర లేకపోతే గడవని ఇళ్లు మనవి. సాయంత్రం స్నానం చేసేటప్పుడు చంకలు, నడుము, మోకాళ్ల వెనక తడిమి చూసుకోండి.

ముందురోజు సాయంత్రం

మధ్యాహ్నానికే చేరుకోండి. అక్కడ చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. పక్క రాష్ట్రం వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు కోసం కేటాయించిన, రేడియో తరంగాలకు కట్టడి ఉన్న నేషనల్ రేడియో క్వైట్ జోన్‌లోకి ఈ ప్రాంతం వస్తుంది. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఇంట్లో ఎక్కడుంటారో చెప్పి బయలుదేరండి.

పొద్దు వాలేటప్పుడు గైడు మిమ్మల్ని కొండ వెన్ను మీదికి తీసుకెళ్లి నిలబెడతాడు. టర్కీలు రాత్రి చెట్ల కొమ్మల మీదే పడుకుంటాయి. ఎక్కేటప్పుడు రెక్కలు టపటపలాడే చప్పుడు, ఒక్కోసారి ఒక కూత. అది ఏ చెట్టో తెలిస్తే మర్నాటి పని సగం అయినట్టే. గైడు చేతులు నోటికి అడ్డం పెట్టి గుడ్లగూబలా కూస్తాడు. పుంజు ఉలిక్కిపడి బదులు పలుకుతుంది. అది ఒక పట్టరాని అలవాటు దానికి: గుడ్లగూబ అరిచినా, కాకి అరిచినా, కారు తలుపు ధడాలున వేసినా కొన్నిసార్లు నోరు జారుతుంది.

తెల్లవారుజాము

మూడున్నరకు లేవాలి. ఏప్రిల్ మధ్యలో సూర్యోదయం ఆరూ నలభై ప్రాంతంలో. ఆరింటికల్లా మీరు చెట్టుకు వీపు ఆనించి కూర్చుని ఉండాలి, నడుస్తూ కాదు. కొండమీద ఆ వేళకు గడ్డి మీద మంచు పేరుకుని ఉంటుంది. పదింటికి చెమట పడుతుంది. బట్టలు పొరలు పొరలుగా వేసుకోండి.

కూర్చునే చెట్టు మీ భుజాల కంటే వెడల్పుగా ఉండాలి. వెనక నుంచి ఎవరైనా పొరపాటున కాల్చినా మీకు అడ్డం ఉండాలి, మీ ఆకారమూ కలిసిపోవాలి. పిరుదుల కింద దిండు పెట్టుకుని, ఎడమ మోకాలు పైకి లేపి, దాని మీద తుపాకీ ఆనించి, పుంజు కూసిన దిక్కుకు ఎడమ భుజం తిప్పి కూర్చోండి. కుడిచేతివాటం వాళ్లకు అలా అయితేనే తుపాకీ తిప్పడానికి చోటుంటుంది. కాళ్ల కింద ఎండాకులు ముందే తోసేయండి. గైడు మీ వెనకో, పక్కనో కూర్చుంటాడు.

ఇక్కడ కొండ లెక్క ఒకటి ఉంది. చదును నేలలో వేటాడినవాళ్లు కూడా దీంట్లో తప్పుతారు. పిలుస్తున్న పెట్ట దగ్గరికి పుంజు వాలు ఎక్కుతూ రావడానికి ఇష్టపడుతుంది, దిగి రావడానికి మొండికేస్తుంది. కాబట్టి మీరు దాని కంటే పైనో, కనీసం అదే ఎత్తులోనో ఉండాలి. మధ్యలో వాగు గానీ, లోతైన కోన గానీ, ముళ్లకంచె గానీ ఉంటే అవతల ఆగిపోయి గంటసేపు కూస్తూ నిలబడుతుంది. అందుకే గైడు అరగంట చుట్టూ తిప్పి ఎక్కించాడంటే ఊరికే కాదు. ఇంకో చిక్కు, కొండల్లో శబ్దం మోసం చేస్తుంది. మలుపు అవతల కూస్తే మైలు దూరంలా ఉంటుంది. అదే పుంజు కొండ వెన్ను ఎక్కి ఇటు తిరిగి కూస్తే మీద పడ్డట్టుంటుంది. ఏప్రిల్ చివరికి ఆకులు విచ్చుకున్నాక ఇంకా మందగిస్తుంది. మందంగా వినిపించింది కాబట్టి దూరమే అనుకుని లేచి నిలబడినవాళ్లు, రెక్కల చప్పుడు మాత్రం విని ఇంటికొస్తారు.

వెలుతురు పాలలా పాకుతుండగా చెట్టుమీద మొదటి కూత. గైడు వెంటనే పిలవడు. కాసేపు ఆగి, స్లేట్ అనే చిన్న పలక మీద పుల్లతో మెల్లగా గీస్తాడు. చెట్టుమీద నిద్రలేస్తున్న పెట్ట గొణుగుడులా, రెండు మూడు చిన్న మూలుగులు. అంతే. పుంజు కిందికి దిగాక బాక్స్ కాల్ (పెట్ట గొంతు పలికించే చిన్న కొయ్య పెట్టె) తీసి పెట్ట పిలుపు పిలుస్తాడు, 'క్యవ్, క్యవ్, క్యవ్' అని. మనవైపు కౌజు పిట్టల వేటలో దీమం పిట్టను పెట్టి రప్పించేవారని మా తాత చెప్పేవాడు. ఇక్కడ పిట్ట లేదు, కొయ్య ముక్కా మనిషి చెయ్యీ ఉన్నాయి. నిజానికి ప్రకృతిలో పుంజు కూస్తే పెట్టలే దాని దగ్గరికి నడిచి వెళ్తాయి. మనం అడుగుతున్నది దానికి తలకిందులు. అది సందేహిస్తుంది కాబట్టే ఈ పని ఇంత కష్టం.

చాలా పొద్దుల్లో పెట్టలు ఎదురుపడి పుంజును తమ వెంట తీసుకుపోతాయి. అడవి నిశ్శబ్దమైపోతుంది. కొత్తవాళ్లు ఎనిమిదింటికే 'ఇక లేదు, పోదాం' అంటారు. అనకండి. తొమ్మిది దాటాక పెట్టలు ఒక్కొక్కటే గుడ్ల దగ్గరికి జారుకుంటాయి. ఒంటరిగా మిగిలిన పుంజుకు అప్పుడు పొద్దున విన్న పిలుపు గుర్తొస్తుంది. నాకు దక్కిన మూడు పుంజుల్లో రెండు పదిన్నర తర్వాత వచ్చినవే, అందులో ఒకటి ఒక్క కూత కూడా కూయకుండా వచ్చింది.

ఇప్పుడు మీ పని. కదలకపోవడం. వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. రెండో ఏడాది, నా ముసుగు ముక్కు మీదికి జారి దురద పెట్టింది. పుంజు అరవై గజాల్లో, ఓక్ చెట్టు వెనక ఉంది. దాని తోక అంచు మాత్రం కనిపిస్తోంది. తల అడ్డం ఉంది కదా అని వేలు పైకెత్తాను. అదే క్షణంలో తోక ముడుచుకుంది. 'పుట్' అని ఒక్క పొడి శబ్దం, ఆ తర్వాత ఖాళీ వాలు. గైడు ఒక్క మాట అనలేదు. దిగేటప్పుడు మాత్రం, 'తల కనపడనంత మాత్రాన అది నిన్ను చూడట్లేదని కాదు' అన్నాడు. అప్పట్నుంచి దురద పెడితే ఊపిరి లెక్కపెట్టుకుంటాను. నాలుగు వందలు దాటిన రోజులున్నాయి.

దగ్గరికొచ్చినప్పుడు కూత కంటే ముందు ఇంకో శబ్దం వస్తుంది. 'ప్ఫ్ట్' అని ఉమ్మినట్టు, వెంటనే 'డూమ్మ్' అని. అది చెవికంటే రొమ్ముకు ముందు తెలుస్తుంది, దూరాన ఎక్కడో లారీ ఇంజను ఆన్ చేసి వదిలినట్టు. ఆ శబ్దం వినిపిస్తే యాభై అరవై గజాల్లో ఉన్నట్టే. కాసేపటికి వాలు అంచున ఎండుటాకుల మీద తెల్లటి నెత్తి లేస్తుంది, తర్వాత నీలం బుగ్గలు, తర్వాత ఎర్రటి మెడ. విసనకర్రలా విప్పిన తోకకు ఎండ తగిలితే రాగిరంగు తిరుగుతుంది. రెక్కల కొసలు నేల మీద ఈడుస్తూ, చిన్న అడుగులు.

కాల్చే ముందు

తోక విప్పుకుని మెడ ముడుచుకుని ఉన్నప్పుడు కాల్చకండి. తల చెట్టు చాటుకు పోయినప్పుడు మాత్రమే తుపాకీ గొట్టాన్ని అంగుళం అంగుళంగా సరిచేసుకోండి. గైడు నోట్లో పెట్టుకున్న చిన్న పిలుపు సాధనంతో 'క్లక్' అంటాడు. పుంజు మెడ నిలువునా సాచి చూస్తుంది. ఈకలు ఆగి ఎర్రటి గడ్డల మెడ మొదలయ్యే చోట గురి. మీరు ముందురోజు కాగితం మీద తేల్చుకున్న దూరం లోపల ఉంటేనే. వెనక ఏముందో కనిపించాలి. పక్కన పెట్ట గానీ ఇంకో పుంజు గానీ ఉంటే ఆగాలి, గుళ్లు వెడల్పుగా పడతాయి. తోక మధ్య ఈకలు కొన్ని మిగతావాటి కంటే పొడుగ్గా లేచి ఉంటే అది ఏడాది పుంజు, 'జేక్' అంటారు. చట్టం ఒప్పుకుంటుంది, నేను మాత్రం కొట్టను. ఇంకో ఏడాది ఆగితే ఆ కొండ మీద కూసేది అదే.

ఎక్కడో పుంజు కూస్తోంది కదా అని ఆ దిక్కుకు పాకుతూ వెళ్లకండి, ఎప్పుడూ. ఆ కూత ఇంకో వేటగాడిది కావచ్చు. ఇంకొకరు మీ వైపు వస్తుంటే చేయి ఊపొద్దు, టర్కీలా కూయొద్దు. కూర్చున్న చోటనే గట్టిగా మనిషి గొంతుతో 'ఇక్కడ నేనున్నాను' అని అరవండి. పక్షి పోతే పోనీ.

పడ్డ తర్వాత

తుపాకీని సేఫ్టీలో పెట్టి, గైడు చెప్పాకే నడవండి. చచ్చిన పుంజు కూడా చాలాసేపు రెక్కలు కొట్టుకుంటుంది. కాలి ముళ్లు మన పందెం కోడి ముళ్లలాగే పదును, పట్టుకునేటప్పుడు చూసుకోండి. పక్షిని అక్కడి నుంచి కదిలించక ముందే లైసెన్స్‌తో వచ్చే ట్యాగ్ (పక్షిని కొట్టినట్టు గుర్తు వేసే చీటీ) నమోదు చేయాలి, తర్వాత రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఆన్‌లైన్‌లో తెలపాలి. సిగ్నల్ లేని చోటు కాబట్టి లైసెన్స్ కాగితం కూడా దగ్గర ఉంచుకోండి. మోసుకొచ్చేటప్పుడు నారింజ రంగు సంచిలో చుట్టండి, భుజం మీద వేలాడే తోక చూసి ఎవరూ పొరపడకుండా. గైడుకు టిప్పు మామూలుగా ఫీజులో 10 నుంచి 20 శాతం. పక్షి దొరకని రోజున కూడా అంతే ఇవ్వండి, కొండ ఎక్కింది అదే మనిషి కదా.

పెద్ద పుంజు 20 పౌండ్ల దాకా తూగుతుంది. కొండ దిగగానే పొట్ట శుభ్రం చేసి ఐసులో పెట్టండి. రొమ్ము మాంసంలో కొవ్వు ఉండదు, ఎక్కువసేపు ఉడికితే పీచులా అవుతుంది. రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టి, చిన్న ముక్కలుగా కోసి, అల్లం వెల్లుల్లి, మిరియాలు, కరివేపాకుతో వేపుడు చేస్తే బాగుంటుంది. లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే చాలు, దించేయండి. తొడలు, కాళ్లు మాత్రం ఎన్నో మైళ్లు నడిచినవి. ఇక్కడివాళ్లు చాలామంది వాటిని పారేస్తారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎముకతో సహా కుక్కర్లో ఎనిమిది విజిళ్లు రానిచ్చి, ఆ నీళ్లతోనే చింతపండు పులుసు పెట్టండి. వడ్డించే ముందు ముక్కల్లో వేలుపెట్టి వెతకండి, గుండు ఒక్కటైనా మిగిలి ఉంటుంది. పిల్లల పళ్లెంలో వేసేవి రెండుసార్లు చూడండి.